కాలవకి ఎదురెళ్ళిన పుల్ల

పిల్లి ఎదురొస్తే దానికీ ఏదో పనుందనుకుని నా దారిన నేను పోయే మనిషిని. దెయ్యాలూ శకునాలూ అంటే నాకు ఒళ్ళు మంట. రావులపాలెం నుంచి మామిడికుదురు పక్క పల్లెకి కాపురానికొచ్చాక మా అత్తయ్యగారితో పేచీలన్నీ వీటి మీదే.

మా ఆయనది కొబ్బరి దింపు పని. ఒక ఉదయం చెట్టు మీంచి పడ్డారు. తలకి దెబ్బ తగిలితే అమలాపురంలో ఆపరేషన్ చేశారు. ఊపిరి ఉంది గానీ కళ్ళు తెరవలేదు. డాక్టరుగారు "చూద్దామమ్మా" అనేవారు.

బట్టల కోసం నేను ఇంటికొచ్చేసరికి అత్తయ్యగారు పెరటి మొగలి పొదలోంచి జెముడుకాకి గూడు తీసి ఉంచారు. పిల్లలు ఎగిరిపోయిన పాత గూడు. ఆ ఎర్రరెక్కల పక్షి తన గూట్లో సంజీవని పుల్ల ఒకటి పెడుతుందట. గూడు విప్పి పారే నీళ్ళలో వేస్తే మిగతావన్నీ కిందికి పోయి, అదొక్కటే ఎదురెళ్తుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. కొడుకు అక్కడ అలా పడుంటే ఇక్కడ పుల్లలాటలేమిటని అరిచేశాను. ఆవిడ గూడు పట్టుకుని కాలవ వైపు నడిచారు. ఎక్కడ జారిపడతారోనని వెనకాలే వెళ్ళాను.

పట్టపగలు. కొబ్బరాకు కదలడం లేదు. సముద్రప్పోటు అక్కడిదాకా రాదు. ఆవిడ గూడు విప్పి వేస్తుంటే పుల్లలూ ఎండుటాకులూ గుర్రపుడెక్కతో కలిసి కిందికి పోయాయి. వేలెడంత పుల్ల ఒకటి మాత్రం పోలేదు. ఉన్నచోటే కాసేపు తిరిగి, పైకి సాగింది. చేపేదైనా లాగుతోందేమోనని వంగి చూశాను. ఏమీ లేదు. అత్తయ్యగారు మోకాలిలోతు దిగి దాన్ని దోసిట్లోకి తీసుకున్నారు.

సాయంత్రం ఆస్పత్రికొచ్చి మా ఆయన అరచేతిలో దాన్ని పెట్టారు. మర్నాడు ఆయన కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగారు. ఆపరేషన్ ఫలించిందన్నారు డాక్టరుగారు. నేనూ అదే అనుకున్నాను.

కిందటి వర్షాకాలం అత్తయ్యగారు మంచం పట్టారు. ఆస్పత్రిలో ఇక లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ఎవరూ చెప్పకుండానే దేవుడి అరలో ఆవిడ దాచిన ఆ పుల్ల తీసి ఆవిడ దగ్గరికి పట్టుకెళ్ళాను.

"నాకెందుకమ్మాయ్. వాడి కోసం అడిగేను, ఇచ్చింది. అది ఆ పిట్టది. కాలవలో వదిలెయ్," అన్నారు.

"ఒక్కసారి పట్టుకోండత్తయ్యగారూ," అని బతిమాలాను. ఆవిడ గుప్పిట మూసేసుకున్నారు.

ఆవిడ మాట కాదనలేక రేవులో వదిలాను. అది చెత్తతో పాటే కిందికి సాగింది. గట్టు వెంట పరుగెత్తాను. జనం చూస్తున్నారన్న సిగ్గు కూడా లేకుండా, వెనక్కి తిరగవే తల్లీ అని ఏడ్చాను. అది తిరగలేదు. వంతెన కిందికెళ్ళి కనబడకుండా పోయింది.

ఆ వారంలోనే ఆవిడ పోయారు.

ఆయన కోసం అది ఎందుకు ఎదురెళ్ళిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఆవిడ కోసం ఎందుకు వెళ్ళలేదని మాత్రం, దేన్నీ నమ్మని నేను, ఇంకా దాన్నే అడుగుతున్నాను.