వానను పక్కకు తిప్పించిన వసుంధర మేడమ్

నిన్న పొద్దున యూసుఫ్‌గూడ బస్టాప్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. వసుంధర మేడమ్ ఇక లేరని.

"ఎవరు చెప్పారు మీకు?" అని దబాయించాను.

చెబుతున్నది ఆవిడ సొంత తమ్ముడే.

రోజూ లెక్కలు రాసుకోవడమే తప్ప ఇలాంటివి రాయడం నాకు రాదు. కానీ సాయంత్రం వాళ్లింట్లో ఒక పెద్దమనిషి, "పాపం, ఆవిడ రీసెర్చ్ ఫెయిలైంది కదా" అన్నారు.

అందుకే రాస్తున్నాను.

తొంభైలలో జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్‌కు వెళ్లే దారిలో, ఒక మందుల కంపెనీ ల్యాబ్ ఉండేది. ఆవిడ కెమిస్టు. నేను స్టోర్ చూసేవాణ్ని. పదో తరగతి దాటలేదు. నాకు వచ్చిన కెమిస్ట్రీ అంతా ఆవిడ మాటలు విని, సీసాల మీద లేబుళ్లు చదివి నేర్చుకున్నదే.

ఆవిడ చేసేది గ్రాఫ్ట్ కోపాలిమర్. పొడవాటి చక్కెర గొలుసుకు ల్యాక్టిక్ ఆమ్లం గొలుసులను కొమ్మల్లా అంటుకట్టడం. అది మందును, ముందుముందు జన్యువును కూడా, ఒంట్లో మోసుకెళ్లి దింపాలి. తర్వాత తనంతట తానే విడిపోయి కరిగిపోవాలి.

తయారీలో తడి తగలకూడదు. తగిలితే కొమ్మలు గొలుసుకు అంటవు, విడిగా పెరుగుతాయి.

మా పక్క బంగళాను షూటింగులకు ఇచ్చేవారు. ఒకరోజు మేడమ్ ఫ్లాస్క్ తెరిచి పొడి వేస్తుండగా అక్కడ వాన సీన్ మొదలైంది. పెద్ద ఫ్యాన్ గాలికి తుంపర మా కిటికీలోంచి లోపలికి కొట్టింది.

ఆవిడ తెల్లకోటుతోనే ఆ వానలోకి నడిచారు. కెమెరా తిరుగుతోంది.

"ఓ డాక్టరమ్మా, నీ సీన్ గిప్పుడు లేదు, జర పక్కకు జరుగు!" లైట్‌మన్ అరిచాడు.

"మాది పక్కిల్లు బాబూ. ముందు ఆ ఫ్యాన్ అటు తిప్పు."

"షాట్ ఖరాబైతది మేడమ్!"

"నాది ఇప్పటికే అయింది. మీ హీరోయిన్ ఎన్నిసార్లయినా తడవచ్చు. నా ఫ్లాస్క్ తడవకూడదు."

ఫ్యాన్ అటు తిప్పేదాకా కదల్లేదు.

ఆ బ్యాచ్ పారబోశాం. ఆవిడ తల తుడుచుకుని, "గాజు సామాను మళ్లీ ఆరబెట్టండి" అన్నారు. అంతే.

రెండోసారి సరిగ్గా వచ్చింది. అలా తయారైన పొడి ఒక ఎర్రటి మందును పట్టి ఉంచి, నీళ్లలోకి కొద్దికొద్దిగా వదలడం నా కళ్లతో చూశాను.

తర్వాత యజమానికి మామూలు మాత్రలే చాలనిపించింది. ల్యాబ్ మూసేశారు.

కాబట్టి పెద్దమనిషి గారూ, అది ఫెయిల్ కాలేదు.

ఆపేశారు.

రెండూ ఒకటి కావు.

ఈ పోస్టు కింద ఎవరూ "పాపం" అని రాయకండి.

మేడమ్, మీరు ప్రశాంతంగా ఉండండి. మీ పనిని ఎవరు తేలిక చేసి మాట్లాడినా నేను ఊరుకోను.