ఆళ్లగడ్డలో మా బావమరిది అవుటైన సంగతి

ఆళ్లగడ్డ మ్యాచ్‌లో మేము ఓడింది మా బావమరిది వల్లనేనని నంద్యాలలో చెప్పుకుంటారు. ఆళ్లగడ్డలో ఇంకా ఎక్కువగా చెప్పుకుంటారు. ఆ మాట అబద్ధం. నాకెలా తెలుసంటే, ఆ మాట మొదట అన్నది నేనే.

నంద్యాలలో బేస్‌బాల్ ఆడతారంటే నంద్యాల వాళ్లే నమ్మరు. మా కాలేజీ రోజుల్లో ఒక డ్రిల్ మాస్టారు ఎక్కడి నుంచో కొన్ని తోలు గ్లౌజులు, రెండు బ్యాట్లు తెచ్చి, ఈ ఆట ఆడితే సర్టిఫికెట్ వస్తుంది, సర్టిఫికెట్ ఉంటే ఉద్యోగం వస్తుంది అని చెప్పాడు. సర్టిఫికెట్లు వచ్చాయి. ఉద్యోగాలు రాలేదు. ఆట మాత్రం మమ్మల్ని వదల్లేదు. ఇప్పుడు పొట్టలు పెరిగి, మోకాళ్లు అరిగి, ఆదివారం పొద్దున పత్తి గోడౌన్ల వెనక ఖాళీ స్థలంలో పరిగెత్తుతున్నామని అనుకుంటూ నడుస్తుంటాం.

ఏడాదికోసారి ఆళ్లగడ్డ జట్టుతో పోటీ. గెలిచిన వాళ్లకు ఒక రాతి కప్పు ఇస్తారు. ఆళ్లగడ్డ శిల్పులు దేవుళ్లను చెక్కగా మిగిలిన రాయితో చేసి ఇచ్చింది. ఇద్దరు పట్టుకుంటే గాని లేవదు. ఓడిన జట్టు వాళ్లే దాన్ని మోసుకెళ్లి గెలిచిన వాళ్లు చెప్పిన చోట పెట్టాలి. అది మా రెండు ఊళ్ల ఆచారం. ఆటకంటే ఈ మోత చూడ్డానికే జనం ఎక్కువ వస్తారు.

నాకు విత్తనాల అంగడి ఉంది. జట్టుకు మేనేజర్ని కూడా. నిబంధనల పుస్తకం చదివినవాణ్ని నేనొక్కణ్నేనని పేరు. నిజానికి చదివింది సగమే. అది కూడా బొమ్మలున్న సగం.

ఆడేది తొమ్మిది మంది. వాళ్ల గురించి మాకెప్పుడూ గొడవ లేదు, ఎందుకంటే వాళ్లంతా జట్టుకు చందా ఇచ్చేవాళ్లు. గొడవంతా బెంచీ మీద కూర్చునే ఇద్దరి గురించే. ఆ ఏడాది బెంచీ మీద ఒకరు పెద్దన్న. బండి ఆత్మకూరు దగ్గర తాతల నాటి భూములున్న మనిషి. ఆయన కొడితే బంతి పక్క జొన్నచేలో పడాల్సిందే. కానీ ఎదుటివాళ్లు కొట్టిన బంతి తనవైపు వస్తే మాత్రం, ఇంటికొచ్చిన చుట్టానికి ఇచ్చినట్టు పక్కకు జరిగి దారి ఇస్తాడు. రెండో అతను మా ఆవిడ తమ్ముడు. చాగలమర్రి బస్సులో కండక్టరు. కదిలే బస్సులో ఏమీ పట్టుకోకుండా నిలబడి టికెట్లు ఇచ్చే మనిషికి నేల మీద బంతి పట్టడం ఒక లెక్క కాదు. కానీ బ్యాటు చేతికిస్తే, బంతి వచ్చి వెళ్లిపోయాక, దానికి ఇబ్బంది కలగకుండా ఊపుతాడు.

మ్యాచ్‌కు ముందు రోజు మా ఊళ్లో టీ కొట్టు దగ్గర కూర్చుని, మైదానంలో ఏదైనా మూల ఖాళీ అయితే ఎవరిని దింపాలో తేల్చుకోబోయాం.

"కొట్టేటోడు కావల్ల. కొడితే జనం చప్పట్లు కొడతారు. బంతి పడితే ఏముండాది, చేతిలో బంతి ఉంటాది, అంతే," అన్నాడు బంతి విసిరే మా పిచ్చర్.

"నీ బంతులు ఆళ్లగడ్డోళ్లు యాడికి కొడతారో తెల్సు గదప్పా. పట్టేటోడు లేకుంటే మనం రాత్రి దాకా ఏరుకుంటాండాల్సిందే," అన్నాడు టీ కొట్టాయన. ఆయన జట్టులో లేడు. అందుకే ఆయనొక్కడే సరిగ్గా మాట్లాడాడు.

ఆపిన పరుగు చేసిన పరుగుతో సమానమే. కానీ ఆపిన పరుగు ఎవరికీ కనపడదు. ఆ మాటే చెప్పి ఊరుకోవాల్సింది. మేనేజర్ని కదా, తెలివి చూపించాను.

"ఇద్దర్నీ వాడుకుందాం. మనం కొట్టేటప్పుడు పెద్దన్న. వాళ్లు కొట్టేటప్పుడు మా వాడు."

అందరూ నన్ను మెచ్చుకున్నారు. క్రికెట్‌లో ఎవరైనా అలిసిపోతే ఇంకొకడు వచ్చి ఫీల్డింగ్ చేస్తాడు, బ్యాటింగ్‌కు మళ్లీ మొదటివాడే వస్తాడు. మేమంతా క్రికెట్ పాలు తాగి పెరిగిన వాళ్లమే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఒక్క మా బావమరిదే అడిగాడు.

"బావా, బయటికి పోయినోడు మళ్లా రావచ్చునా? పుస్తకంలో యాడన్నా రాసిండాదా?"

"నేను చదివినాలే," అన్నాను.

మరునాడు ఆళ్లగడ్డలో ఆట సగంలో ఉండగా మా ఎడమ మూల ఆటగాడు, మేనత్త కొడుకు పెళ్లి ముహూర్తం దగ్గర పడిందని వెళ్లిపోయాడు. పట్టుచొక్కా వేసుకునే వచ్చాడు కాబట్టి మేము ముందే గ్రహించి ఉండాల్సింది. మా వంతు బ్యాటింగ్ కావడంతో పెద్దన్నను దింపాను. మొదటి బంతే జొన్నచేలో పడింది. మేము ముందుకు వచ్చాం. తర్వాత ఆళ్లగడ్డ వాళ్లు బ్యాటు పట్టారు. ఎడమ మూలకు వచ్చిన రెండు బంతులకూ పెద్దన్న దారి ఇచ్చాడు. మేము ఒక్క పరుగు వెనకబడ్డాం.

అప్పుడు నా పథకం ప్రకారం పెద్దన్నను బయటికి పిలిచి మా వాణ్ని పంపాను. ఆళ్లగడ్డ వాళ్లు ఇద్దరు పరుగు దారిలో బేసుల మీద ఆగి ఉన్నారు. బంతి ఎత్తుగా లేచింది. మా వాడు వెనక్కి తిరిగి పరిగెత్తి, చేను గట్టు దగ్గర భుజం మీదుగా అందుకున్నాడు. రెండు పరుగులు ఆగాయి. చప్పట్లు కొట్టింది ఒక్కడే, చేనుకు కావలి ఉన్న ముసలాయన. జొన్న ఇంకా పాడుకాలేదని కొట్టి ఉండాలి.

ఇక మా చివరి వంతు. ఇద్దరు అవుటయ్యారు, ఇంకొకరు అవుటైతే ఆట ముగిసినట్టే. ఇద్దరు బేసుల మీద ఉన్నారు. బ్యాటింగ్ వరసలో వచ్చింది పెద్దన్న స్థానం. ఆయన చేతులకు మట్టి రుద్దుకుని, బ్యాటు తిప్పుకుంటూ వచ్చాడు. అంపైర్ చాగలమర్రి నుంచి వచ్చిన ఇంకో డ్రిల్ మాస్టారు, రిటైరైనాయన. చెయ్యి అడ్డం పెట్టాడు.

"యాడికప్పా?"

"కొట్టేదానికి."

"నువ్వు బయటికి పోయినావ్. పోయినోడు మళ్లా రాకూడదు. నీ బదులు వచ్చినోడే కొట్టల్ల." నా వైపు తిరిగి, "ఏందప్పా, మేనేజర్‌వి, నువ్వు పుస్తకం చదవలేదా?" అన్నాడు.

నేను బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టాను. నేను వేసుకున్నది చెప్పులు.

మా బావమరిది బ్యాటు తీసుకుని నా ముందు నుంచే వెళ్లాడు. మూడు బంతులు వచ్చాయి, వెళ్లాయి. మూడూ వెళ్లాకే మా వాడు ఊపాడు. మూడు తప్పితే అవుటే, ఆట అయిపోయింది.

కప్పు నిరుటి నుంచి మా దగ్గరే ఉండేది. ఓడిన వాళ్లం కాబట్టి జీపులోంచి దింపి, వాళ్లు చెప్పిన చోటికి, ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా ఉన్న టీ కొట్టుకు మోశాం. ఒక వైపు నేను, ఇంకో వైపు మా బావమరిది. ముందు రోజు మా మాటల్లో లేని పెద్దన్న దారిలో అడ్డం వచ్చాడు.

"నన్ను బయటికి పిల్చి వాణ్ని పంపమని ఎవురు చెప్పిండేది?"

"వాడే పోతా అనె. నేను వద్దనే అంటి," అన్నాను.

కప్పుకు అవతలి చెవి పట్టుకున్న మనిషి అది విన్నాడు. చేతులు కొంచెం మార్చి పట్టుకున్నాడు. బరువంతా నా వైపు పడేలా వదిలేసే హక్కు ఆయనకుంది. వదల్లేదు.

ఆయన రోజూ ఆళ్లగడ్డ మీదుగా వెళ్లే మనిషి. నేను ఆ మాట అన్నప్పుడు అది ఆలోచించలేదు. బస్సు ఆగిన చోటికి ఎదురుగానే కప్పు ఉంటుంది. ఎక్కే ప్రతివాడికీ అది చూడగానే మాట పుడుతుంది. "కండక్టరన్నా, ఈలన్నా గట్టిగా కొడతావా, అదీ కొట్టలేవా?" "నిలబడి టికెట్ ఇస్తాండావే, మళ్లా అవుటైతావ్, కూకో."

కొన్నాళ్లకు మా ఆవిడ అన్నది, "వాడు అవుకు బస్సుకు మార్చమని అడుగుతాండాడంట. అది రాత్రి ఎప్పుడో వస్తాది. చర్చిలో పాటల ప్రాక్టీసు కూడా మానుకుంటాడంట. ఏమైంది వానికి?"

అవుకు బస్సు ఆళ్లగడ్డ మీదుగా పోదు. మా వాడు వాళ్లక్కకు కూడా చెప్పలేదన్నమాట. ఆ పూట అన్నం సయించలేదని రాస్తే బాగుంటుంది గాని, తిన్నాను. పొద్దున లేచి చాగలమర్రి బస్సు ఎక్కాను.

"యాడికి బావా?"

"చాగలమర్రికి."

"ఆడ నీకేం పని?" అంటూ టికెట్ ఇచ్చాడు.

ఆళ్లగడ్డలో లేచి నిజం చెప్పాలని నా ఉద్దేశం. బస్సు ఆగింది. శనక్కాయల సంచితో ఎక్కిన పెద్దాయన అలవాటుగా, "ఏమన్నా, ఈ రోజన్నా కొడతావా?" అన్నాడు. దిగబోతున్న ఆళ్లగడ్డ వాళ్లు నవ్వారు. నేను కిటికీలోంచి కప్పు చూశాను. అంచు మీద అక్కడి టీ కొట్టాయన తుండుగుడ్డ ఆరేసి ఉంది. ఆ గుడ్డ ఆరేదాకా చూశాను. బస్సు కదిలింది.

ఆళ్లగడ్డ దాటాక నాకు ధైర్యం వచ్చింది. లేచి నిలబడి, తప్పంతా నాదేనని, నిబంధన తెలియనిది నాకేనని, వద్దన్నానన్నది అబద్ధమని గట్టిగా చెప్పాను.

ముందు సీట్లో ఆమె కంగారుపడింది. "ఏందప్పా, ఎవురన్నా పోయినారా?"

శనక్కాయల పెద్దాయన ఎప్పుడో నిద్రపోయాడు. మా బావమరిది నా భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

"బావా, వీళ్లు చాగలమర్రోళ్లు. వీళ్లకు ఆ ఆట పేరు గూడా తెల్దు. ఆళ్లగడ్డలో నీ నోరు యాడ పోయింది?"

తిరుగు బస్సు ఆళ్లగడ్డలో ఆగగానే, ఈసారి ఆలోచించకుండా దిగాను. టీ కొట్టు దగ్గర జనం బాగానే ఉన్నారు. ఆళ్లగడ్డ జట్టు వాళ్లు కూడా ఇద్దరున్నారు. కప్పు పక్కన నిలబడి మొత్తం చెప్పాను. మా వాడు బస్సు మెట్టు మీద నిలబడి వింటున్నాడు.

టీ కొట్టాయన నన్ను కిందికీ పైకీ చూశాడు.

"అంటే మేనేజర్‌కే రూలు తెల్దా?"

"తెలియదు."

"అట్లయితే మాకు కప్పు గెలిపిచ్చింది నువ్వేనప్పా!" అని నాకు టీ పోశాడు. దుడ్లు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆళ్లగడ్డ ఆటగాళ్లు ఇద్దరూ నా వీపు తట్టారు. "వచ్చే యేడు మా తట్టు ఆడతావా అన్నా? కాదు కాదు, ఆ తట్టే ఉండు, ఆడుంటేనే మాకు లాభం."

మా బావమరిది ఈల వేశాడు. చాలా గట్టిగా వేశాడు.

ఇప్పుడు ఆ బస్సు ఆళ్లగడ్డలో ఆగితే జనం అడిగేది నా గురించి. "కండక్టరన్నా, మీ బావ పుస్తకం చదువుతాండాడా? యాడిదాకా వచ్చినాడు?" మా వాడు సాయంత్రం చర్చిలో పాటల ప్రాక్టీసు నుంచి వస్తూ మా ఇంటికొచ్చి, ఆ రోజు ఎవరేమన్నారో ఒక్కటీ వదలకుండా వాళ్లక్కకు చెప్తాడు. మా ఆవిడ నా ముందే నవ్వుతుంది. మేనేజర్ పదవి పిచ్చర్‌కు పోయింది. ఎడమ మూల ఇప్పుడు మా వాడిది. కొట్టడం ఇప్పటికీ రాదు. అవుకు బస్సు సంగతి మాత్రం మళ్లీ ఎత్తలేదు.