తెల్లబడని చింతగుజ్జు

పెళ్లికి ముందు మా అక్కకు దయ్యం పట్టిందన్నారు. దుత్తలూరు రోడ్డు పక్కన ఒక చింతచెట్టుకు తీసుకుపోయి, మంత్రగాడు అక్క జుట్టులోంచి ఒక పాయ కోసి, మేకుకు చుట్టి, మానులో దిగ్గొట్టాడు. దయ్యం చెట్టులోకి పోయిందట, మేకు పీకనంత కాలం అక్కడే ఉంటుందట. పోయిందో లేదో గానీ అక్క కుదుటపడింది. బావ అంతా తెలిసే చేసుకున్నాడు. కాకపోతే తాళి కట్టకముందే ఒక మాట అన్నాడు. "మళ్లా వచ్చిందా, పుట్టింటికి పంపిచ్చేస్తా. బిడ్డలుంటే నాకాడే ఉంటారు." ఎంత పెద్ద మనసో మహానుభావుడికి!

ఎనభైల్లో ఆత్మకూరు దగ్గర చేత్తో కాగితం తయారుచేసే షెడ్డు ఒకటి పెట్టారు. బావ బాయిలర్ కింద మంట చూసేవాడు. నేనూ అక్కా కాగితం గుజ్జు కడిగేవాళ్లం. ఎండిపోయిన బత్తాయి, మామిడి, ఏ పళ్లచెట్టు కట్టె చౌకగా దొరికితే అది తెచ్చి, ముక్కలు కొట్టి, కాస్టిక్ సోడాలో ఉడికించి, దంచి, బ్లీచింగ్ పౌడర్ కలిపిన తొట్టిలో వేసేవాళ్లు. సాయంత్రానికి తెల్లగా తేలేది. అక్క కూతురికి అప్పుడే మాటలొస్తున్నాయి. ఆ గుజ్జును చూసి "పెరుగన్నం" అనేది.

ఒక వేసవిలో రోడ్డు వెడల్పు చేయడానికి కొట్టేసిన చింతచెట్ల మొద్దులు లారీలో దిగాయి. ఎక్కడివని మేమెవరం అడగలేదు. గొడ్డలి వేస్తే ఠంగుమంది. చీల్చి చూస్తే లోపల తుప్పు మేకు, దానికి చుట్టిన వెంట్రుకలు. పక్కన ఇంకొకటి. దాని కింద ఇంకొకటి. ఎందరు ఆడవాళ్లో తల్లీ! అక్క వంగి చూసి, "వీట్లో నాదేదో నాకే తెలవడంలా," అనేసి పనిలోకి పోయింది.

దొరికిన మేకులు పీకి, ఆ కట్టెనే ఉడికించారు. గుజ్జు నల్లగా వచ్చింది. బ్లీచింగ్ పౌడర్ వేశారు, మళ్లీ వేశారు. మా కళ్లు మండాయే తప్ప అది తెల్లబడలేదు. "చింతకట్టెకి ఇనుం తగిలితే ఇంతే. లోపల ఇంకా మేకులుండాయి," అన్నాడు షెడ్డు యజమాని, టీ తాగుతూ. బావ ఆ మాట విన్నాడో లేదో. తొట్టి పక్కన నిలబడి అక్కనే చూస్తున్నాడు.

నాకు మండిపోయింది. "ఏంది బావా ఆ చూపు? అక్క శుభ్రంగా ఉండాది గదా!" అన్నాను. బావ మంట అలాగే వదిలేసి ఇంటిదారి పట్టాడు.

పొద్దుగూకేముందు మేం ఇంటికి వచ్చేసరికి, బావ పాపను చంకనేసుకుని గడపలో నిలబడి ఉన్నాడు. చెయ్యి అడ్డంపెట్టి అక్కను అడిగాడు.

"ఎవురు నువ్వు?"

దయ్యం పట్టినవాళ్లను మంత్రగాడు మొదట అడిగే మాట అది. అక్క పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు బావ బెదిరి ఒక అడుగు వెనక్కు వేశాడు.

"నీ పెండ్లాన్ని. పాపను ఇట్టియ్యి," అంది అక్క, నవ్వు ఆపుకుని.

"దయ్యమూ అట్నే చెప్తాది," అన్నాడు.

అక్క బావను వదిలేసి పాపవైపు చేతులు చాచి, "రామ్మా," అంది. పాప నాయన మెడను గట్టిగా కరుచుకుంది. కాసేపు అక్కను చూసి, అచ్చం నాయనలాగే అడిగింది.

"ఎవురు నువ్వు?"