అద్దం మీద నిలవని ఎరుపు

జమ్ములమ్మ పుట్టింది అమరచింతలో, మెట్టింది గద్వాలలో. కాపురానికి వచ్చేనాటికి ఆమెకు కండెలు చుట్టడం తప్ప మరో పని రాదు. మామ సీతారాములు పట్టుకు రంగులద్దేవాడు. గద్వాల చీరకు నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ పట్టుకు చెరగని ఎరుపు ఎక్కించడం మగ్గం మీది పని కంటే తక్కువదేమీ కాదు. చూపు మందగించాక ముసలాయన కోడల్ని పిలిచి, "జర చూసి చెప్పమ్మా, రంగెక్కిందా?" అని అడిగేవాడు. చూసి చెప్పడంతో మొదలైన పని నీళ్లు కాచడం, రంగు కలపడం, చిలపలనే పట్టు దారపు కట్టల్ని ముంచి తీయడం దాకా వచ్చింది. ఆయన కాలం చేసేనాటికి ఆ ఇంట్లో రంగంటే జమ్ములమ్మే. భర్త హనుమంతు, బావ నర్సింహ చెరో మగ్గం మీద కూర్చునేవాళ్లు.

1941 ఎండాకాలం. యుద్ధం వల్ల జర్మనీ రంగులు రావడం ఆగిపోయి, ఉన్న పొడినే పొదుపుగా వాడుతున్న రోజులు. కడాయి ముందు చెమటలు కక్కుతూ పనిచేస్తున్న జమ్ములమ్మ మెడ వెనుక చిన్న తెల్లమచ్చ లేచింది. చుక్కంతే ఉంటే సిబ్బెమని ఊరుకునేవాళ్లే. కానీ అది భుజం మీదికి పాకి, మరో రెండు మచ్చలతో కలిసి, జబ్బ మీద అరచెయ్యంత అయింది. నర్సింహ భార్య, తోడికోడలు ఎంకమ్మ చూసి అరిచింది. సంతకు వచ్చే మందులాయన దగ్గరికైనా రాకుండా, నాలుగు బారల దూరం నుంచే చూసి, "పెద్దరోగం" అని వెళ్లిపోయాడు.

ఆ మాట చాలు. కుష్టును పేరు పెట్టి పిలవడానికి కూడా జంకే కాలం అది.

నర్సింహ చెడ్డవాడు కాదు. చిన్నప్పటి నుంచి ఇంటి బరువు మోసినవాడు. ఆ సాయంత్రం మగ్గం దిగి వచ్చి, తల వంచుకునే అన్నాడు.

"పట్టు ముట్టకమ్మా, జమ్ములమ్మా. పేరు పడిందంటే మన చీరె ఎవరు కట్టుకుంటరు? మనదే కాదు, ఈ వాడ మొత్తం మగ్గాలు ఆగిపోతయి."

జమ్ములమ్మ చేతిలోని చిలపను కింద పెట్టింది. పెరట్లో కట్టెలు పెట్టుకునే పాకలోకి చాప తీసుకుని వెళ్లింది. పళ్లెం వేరైంది, చెంబు వేరైంది. ఎంకమ్మ అన్నం తెచ్చి గడప దగ్గర పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లేది. హనుమంతు పొద్దున్నే వచ్చి కాస్త ఎడంగా కూర్చునేవాడు. ఇంట్లో నర్సింహ తానే చిలపలు ముంచితే రంగు ఒకచోట చిక్కగా, ఒకచోట వెలిసినట్లుగా ఎక్కింది. ఆ చిలపలు దండెం మీద ఆరుతుంటే పాకలోంచి చూసి జమ్ములమ్మ మొహం తిప్పుకుంది. తన ఒంటి మీది మచ్చ కంటే ఆ పట్టు మీది మచ్చలే ఆమెను ఎక్కువ ఏడిపించాయి.

పదమూడో రోజు హనుమంతు పరుగులాంటి నడకతో వచ్చాడు.

"జమ్ములూ, లెవ్వు. దవాఖానకు పోదం. కొత్తగ డాక్టరమ్మ వచ్చిందంట. గోపాల్‌పేట పిల్లనే, పట్నంల చదివింది. ఆమె దగ్గర ఖుర్దుబీన్ ఉన్నదంట. కంటికి కనబడనిది అండ్ల కనబడతదంట."

"కనబడితే ఏం చేస్తవు?" అంది జమ్ములమ్మ.

"కనబడకపోతే?" అన్నాడు హనుమంతు. ఆ మాటకు ఆమె లేచింది.

డాక్టరు సుగుణకు ముప్పై ఏళ్లుండవు. హనుమంతును బయట కూర్చోబెట్టి, జమ్ములమ్మను కిటికీ దగ్గరికి పిలిచి, ఏమాత్రం జంకకుండా ఆమె జబ్బ మీద చెయ్యేసింది. రెండు వారాలుగా ఎవరూ ముట్టుకోని ఒళ్లు. జమ్ములమ్మ ఉలిక్కిపడింది.

"నొప్పైందా అక్కా?"

"లేదమ్మా. నువ్వు ముట్టుకున్నవని."

సుగుణ చెయ్యి తీయలేదు. ఆమెను కళ్లు మూసుకోమని, కోడి ఈకతో మచ్చ మీద అక్కడక్కడా తాకించింది. తాకినప్పుడల్లా జమ్ములమ్మ వేలితో సరిగ్గా అక్కడే చూపింది. ఒక్కసారి కూడా తప్పలేదు.

"ఆ రోగమైతే మచ్చకు స్పర్శ ఉండదు. నీకు మంచిగ తెలుస్తున్నది. నాకు సగం నమ్మకం వచ్చింది. ఇంగ మిగిలిన సగం చూద్దాం."

చెవితమ్మెను రెండు వేళ్లతో గట్టిగా నొక్కి, చిన్నగా గీరి, వచ్చిన తేమను ఒక గాజుపలక మీద పూసింది. మచ్చ మీది నుంచి కూడా అలాగే తీసి మరో పలక మీద పూసింది. ఆరాక వాటి మీద ఎర్రటి ద్రవం పోసి కింద స్పిరిటు దీపం పెట్టింది. జమ్ములమ్మ తనకు తెలియకుండానే ముందుకు వంగింది.

"ఏం రంగమ్మా అది?"

"ఎరుపే. సన్నగ ఆవిరి రావాలె, మసలొద్దు."

"పట్టుకు గూడ అంతేనమ్మా. మసిలితే మెరుపు పోతది."

సుగుణ తలెత్తి ఆమెను చూసింది. ఎదురుగా ఉన్నది అద్దకం పని చేసే మనిషని అప్పుడు తెలిసింది. ఇక దాచకుండా చెప్పసాగింది.

"అయితే విను అక్కా. ఆ రోగం తెచ్చే క్రిమి కంటికి ఆననంత చిన్నది. దాని ఒంటి మీద మైనం అసుంటి పొర ఉంటది. ఎరుపు ఒక్కసారి లోపలికి ఎక్కిందంటే తేజాబు పోసినా దిగదు. మన ఒంటి కణాలకు ఆ పొర లేదు. వాటి ఎరుపు తేజాబుకు కడుక్కపోతది. అవి మల్ల కనబడనీకె మీదికెల్లి నీలం పోస్త."

జమ్ములమ్మకు అంతా అర్థమైంది. అర్థం కావడం వల్లనే భయం రెట్టింపైంది. పక్కా రంగు నిలిస్తే తన బతుకు నిలవదు. డాక్టరమ్మ గాజుపలకను వంచి ఆ తేజాబును, ఘాటైన ఆమ్లాన్ని, ధారగా పోస్తుంటే ఎర్రటి నీళ్లు గిన్నెలోకి దిగాయి. తర్వాత గులాబీ రంగు. ఆ తర్వాత తెల్లని నీళ్లు. పోవాలి, ఇంకా పోవాలి అని ఆమె మనసులో అనుకుంటూనే ఉంది. ఇన్నేళ్లలో ఒక రంగు దిగిపోవాలని ఆమె కోరుకోవడం అదే మొదలు.

సుగుణ ఖుర్దుబీన్ కింది చిన్న అద్దాన్ని కిటికీ వెలుతురుకు తిప్పుకుని కన్ను ఆనించింది. పలకను వెంట్రుకవాసి జరుపుతూ చూసింది. మళ్లీ జరిపింది. మొదటి పలక తీసి రెండోది పెట్టింది. బయట అరుగు మీద హనుమంతు దగ్గడం వినిపించింది. మళ్లీ దగ్గాడు.

చివరికి డాక్టరమ్మ తలెత్తింది.

"లేదు అక్కా. ఒక్కటంటే ఒక్కటి గూడ లేదు. దా, నువ్వే చూడు."

మొదట జమ్ములమ్మకు తన కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి చూస్తే, వెలుగు నిండిన గుండ్రటి బిళ్లలో నీలం తేలింది. లేత నీలపు మరకలు, వాటి మధ్య చిక్కటి నీలపు గింజలు. ఎంత వెతికినా ఎరుపన్నది లేదు.

"ఇవేందమ్మా?"

"నువ్వే. నీ కణాలు. ఆ గింజ అసుంటిది కణానికి నడుమ ఉంటది, దాని పనంత అక్కడికెల్లే నడుస్తది. నీ నెత్తురు, చర్మం, బొక్క, నాలుక అన్నీ గిసుంటియే. ఒక్కోటి తింటది, ఊపిరి పీలుస్తది, పెద్దగై రెండైతది."

జమ్ములమ్మ చాలాసేపు చూసి కన్ను తీసింది.

"మరి నేను ఒక్కదాన్నా, ఇంతమందినా?"

సుగుణ పకపకా నవ్వింది. "రెండూ నిజమే అక్కా. ఈ మాట మా కాలేజీల ఎవ్వరూ అడగలే."

పోల్చి చూపడానికి పెట్టెలోంచి వేరే మనిషి పలక తీసి పెట్టింది. అందులో అదే నీలం మధ్య సన్నటి ఎర్రటి పుల్లలు, కట్టలు కట్టలుగా. జమ్ములమ్మ వెంటనే వెనక్కి జరిగింది.

"ఎవరమ్మా ఈ మనిషి?"

"పేరు చెప్పొద్దు అక్కా. ఆ రోగానికిచ్చే నూనె సూదులు వేస్తున్న. జర నయమే."

"ఆయనను గూడ పాకల పెట్టిండ్రా?"

"పెట్టిండ్రు. ఒక్క పూట ముట్టుకుంటే అంటేది కాదు ఆ రోగం. ఎంత చెప్పినా వినరు."

తన గండం గట్టెక్కిందన్న సంతోషంలో కూడా, మొహం తెలియని ఆ మనిషి కోసం జమ్ములమ్మ మనసులో మొక్కుకుంది. తన సంగతీ అడగకుండా ఉండలేకపోయింది: "మరి నాదేంది?"

సుగుణ మచ్చ మీద మొద్దు కత్తితో గీకింది. తవుడులాంటి సన్నటి పొట్టు రాలింది. దాన్ని మరో పలక మీద వేసి ఒక చుక్క క్షారపు నీళ్లు పోసి, కాసేపు ఆగి చూపింది. పైచర్మపు కణాలు కరిగి అద్దంలా పలచబడ్డాయి. వాటి మధ్య కరగకుండా మిగిలినవి మాత్రం స్పష్టంగా కనిపించాయి: పొట్టి పొట్టి దారపు ముక్కలు, వాటి పక్కన గుండ్రటి పూసల గుంపులు.

"ఇది బూజు. సిబ్బెం అంటరే, అదే. జర ఎక్కువ పాకింది, అంతే. ఇది గూడ కణాలే, కానీ మన కణానికి పలచటి పొర ఉంటే, బూజు కణానికి గట్టి గోడ ఉంటది. అందుకే క్షారానికి మనది కరిగింది, అది నిలిచింది. చెమటకు, జిడ్డుకు పెరుగుతది. నువ్వు దినమంత పొయ్యి ముందరనే గద ఉండేది."

"మరి తెలుపెందుకు?"

"చర్మం అడుగున కొన్ని కణాలున్నయి. రంగు చేసుడే వాటి పని. ఆ రంగు పక్క కణాలల్లకు చేరుతది. బూజు ఆ పనికి అడ్డం పడ్డది. ఎట్ల పడ్డది అనేది పెద్ద డాక్టర్లకు గూడ ఇంకా సరిగ తెల్వదు."

"నా ఒంట్ల గూడ రంగులేసెటోళ్లున్నరన్న మాట," అంది జమ్ములమ్మ. పదమూడు రోజుల తర్వాత ఆమె మొహంలో నవ్వు వచ్చింది.

గంధకం మలాం ఇస్తూ సుగుణ రెండుసార్లు చెప్పింది. "బూజు నెల రోజులల్ల చస్తది. రంగు మటుకు జల్దీ రాదు, నాలుగైదు నెలలు పట్టొచ్చు. కింద కొత్త కణాలు పుట్టాలె, అవి మీదికి రావాలె, పాతయి రాలిపోవాలె. అప్పటిదాక మచ్చ ఉన్నా రోగం ఉన్నట్టు కాదు. పరేషాన్ కావొద్దు."

బయటికి రాగానే హనుమంతు ఆమె మొహం చూసి లేచి నిలబడ్డాడు. "లేదంట," అంది ఆమె. అంతే. నడివీధిలో, పదిమంది చూస్తుండగా, అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇంటి దాకా వదలలేదు.

ఇంట్లో నర్సింహ అంత సులువుగా నమ్మలేదు.

"గాజుపలక చూసి రోగం లేదని ఎట్ల చెప్తరు? మచ్చ గట్లనే ఉన్నది గద?"

"బావా," అంది జమ్ములమ్మ గడప ఇవతల నిలబడే. "గీకితే తవుడు లెక్క పొట్టు రాలింది, సిబ్బెమేనంట. రంగు పక్కాదా కచ్చాదా అని నువ్వెట్ల చూస్తవు? కడిగి చూస్తవు. ఆమె గూడ కడిగే చూసింది. నా కండ్లముందర కడిగింది. ఎరుపు నిలవలే."

నర్సింహ ఆలోచనలో పడ్డాడు. ఆ లెక్క ఆయనకు తెలిసిన లెక్కే. ఇంతలో వంటింటి వాకిట్లోంచి ఎంకమ్మ గొంతు వచ్చింది. మెల్లగానే, కానీ అందరికీ వినపడేట్లు.

"తవుడు లెక్క పొట్టు రాలుతదని చెప్పిందా? మరి నీ వీపు మీద ఆరేండ్ల నుంచి రాలుతున్నదేందయ్యా?"

మండుటెండలో కూడా బనియను విప్పని మనిషి నర్సింహ. ఆయన మొహం కందిపోయింది. హనుమంతు నవ్వు ఆపుకోవడానికి మగ్గం వైపు తిరిగి లేని దారమేదో సవరించసాగాడు. ఎంకమ్మ వచ్చి జమ్ములమ్మను జబ్బ పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. "మొదలు చూసి అరిచింది నేనేనే," అని ఏడ్చింది. "నువ్వు చూసినందుకే గద అక్కా దవాఖానకు పోయిన," అంది జమ్ములమ్మ. ఆ పూట ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు.

మర్నాడు నర్సింహ తానే దవాఖానకు వెళ్లాడు, మరదల్ని తోడు తీసుకుని. వీపు గీకితే అదే బూజు. డాక్టరమ్మ ఆయన బుగ్గ లోపల చెంచా వెనకతో గీకి, నీలం వేసి, ఆయన కణాలను ఆయనకే చూపింది. అంతసేపు కదలకుండా ఆయన మగ్గం మీద తప్ప ఎక్కడా కూర్చోలేదని జమ్ములమ్మ తర్వాత ఎంకమ్మకు చెప్పింది. వచ్చేటప్పుడు దారిలో ఆయన ఒక్క మాటన్నాడు. "తప్పైంది తల్లీ. తెల్వక భయపడ్డ." ఆమె కొంగు సవరించుకుని, "రంగు పొడి ఇంక ఎంతున్నది బావా?" అని అడిగింది.

ఆ వారమే ఆమె కడాయి ముందుకు వచ్చింది. వెలిసిన చిలపలన్నీ మళ్లీ ముంచింది. వాడలో మచ్చలున్నవాళ్లు ఒక్కొక్కరే బయటపడ్డారు. ఆరుగురిని ఆమే దవాఖానకు తీసుకెళ్లింది. వాళ్లలో ఒకామెకు మాత్రం ఎరుపు నిలిచింది. ఆమెకు సూదులు మొదలుపెట్టారు. జమ్ములమ్మ వారం వారం ఆమె ఇంటికి వెళ్లి, ఆమె చాప మీదే కూర్చుని, ఆమె చేతి మంచినీళ్లు తాగి వచ్చేది. వాడలో కొందరు చూశారు. కొందరు మాటలన్నారు. కొన్నాళ్లకు అనడం మానేశారు.

ఏడాది తిరగకముందే సుగుణకు పాలమూరుకు బదిలీ అయింది. జమ్ములమ్మ మచ్చ ఎప్పుడు పోయిందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. కార్తీకం వెళ్లాక ఒక పొద్దున తలంటుతుంటే ఎంకమ్మ ఆమె మెడ వంచి చూసి, భుజం చూసి, జబ్బ చూసి, మచ్చ ఎక్కడుండేదో వెతుక్కోవలసి వచ్చింది.