హ్యాంగరు మీద వంకర

మా తోడల్లుడికి తిట్టకుండా మాట రాదు. దాహమేస్తే మంచినీళ్ళను తిట్టి మరీ తాగుతాడు. దారం తెగితే దారాన్ని తిడతాడు, తెగకపోతే "ఎంతకీ తెగి చావదేం!" అని మళ్ళీ ఆ దారాన్నే తిడతాడు. అతని మాటల్లోంచి తిట్లన్నీ ఏరి పారేస్తే మిగిలేవి గుటకలూ దగ్గులే. ఆ తిట్లలో దిక్కుమాలిన, దరిద్రపు, సన్నాసి, ముదనష్టపు లాంటివే అచ్చులో పెట్టదగ్గవి. తక్కినవి రాస్తే కాగితం సిగ్గుతో ముడుచుకుంటుంది.

ఇక నా సంగతి. ఎవరూ చెప్పరు కనక నేనే చెప్పుకోవాలి. ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను, చదివినన్నాళ్ళూ ఫస్టు నేనే. పంతులుగారు నన్ను ముందుకు పిలిచి నిలబెట్టి, "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందిరా, వీణ్ణి చూసి నేర్చుకోండి" అనేవారు. జడ్జిగారి నల్లకోటు కుట్టినవాణ్ణి. దర్జీల సంఘం పోటీలో కాజాలకు మొదటి బహుమతిగా గోడగడియారం అందుకున్నవాణ్ణి. సూది గోట్లో దిగినప్పుడు కూడా నా నోట "అయ్యో" తప్ప ఇంకోమాట రాలేదు.

మా మామగారికి కొడుకుల్లేరు. పోతూ పోతూ దుకాణాన్ని ఇద్దరల్లుళ్ళకూ అప్పగించారు. ఒకటే గది, రెండు మిషన్లు, మధ్యలో కత్తిరించే బల్ల. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. ఒకరు టేపు పట్టి కొలతలు పైకి చదవాలి, రెండోవారు రాసుకోవాలి. అలాగైతే తేడా రాదని ఆయన నమ్మకం.

పంతులుగారి సామెత మాత్రం మా దుకాణం గడప దగ్గరికి వచ్చి తలకిందులైంది. నా మిషను ముందు కుర్చీ ఎప్పుడూ ఖాళీ. అతని మిషను ముందు నిలబడడానికి కూడా చోటుండదు.

బ్యాంకు మేనేజరుగారినే తీసుకోండి. ఊడని గుండీ ఊడిందని వస్తారు. "ఆఫీసులో అందరూ సార్ సార్ అని చంపుతారండీ. ఇక్కడ నాలుగు తిట్లు తింటేగానీ మనిషినని గుర్తురాదు" అంటారు. ఓసారి మా తోడల్లుడు నోరు మెదపకుండా ఆయన ప్యాంటు ఆయన చేతిలో పెట్టేశాడు. ఆయన గడప దాకా వెళ్ళి, మళ్ళీ నా దగ్గరికొచ్చి చెవిలో అడిగారు.

"నా మీద ఏమైనా కోపమా అండీ ఆయనకి?"

"కోపం కాదండీ, గొంతునొప్పి."

"అమ్మయ్య! అయితే తగ్గాక వస్తాను."

నాకు జ్వరమొచ్చి వారం రాకపోతే అడిగినవాడు లేడు.

పోనీ ఇంట్లోనైనా నయమా అంటే, మా అత్తయ్యకీ అతనంటేనే ముద్దు. "చిన్నల్లుడి నోరు కుక్కరు ఈల లాంటిది. గోల చేస్తుందిగానీ లోపల వంట ఉడుకుతుంది" అంటుంది.

"మరి నేనో అత్తయ్యా?" అన్నాను ఉండబట్టలేక.

"నువ్వా నాయనా? నువ్వు చాలా మర్యాదస్తుడివి" అంది ఆవలిస్తూ.

నాకు మిగిలిన ఊరట ఒక్కటే, హ్యాంగరు. నేను కుట్టింది తగిలిస్తే గీత గీసినట్టుంటుంది. అతను కుట్టినవి చాలా వంకర. ఒకదానికి ఒక భుజం ఎత్తు, ఇంకోదానికి వీపు ఒకపక్కే వదులు. వచ్చినవాళ్ళందరికీ కొలబద్దతో చూపించేవాణ్ణి. "చూశారా? తిట్ల మీదున్న శ్రద్ధ కుట్టు మీద లేదు."

మా తోడల్లుడు తలెత్తకుండానే, "కుట్టు వంకర కాదన్నయ్యా, ఆ దిక్కుమాలిన హ్యాంగరే వంకరది!" అనేవాడు. అందరూ నవ్వేవారు. 

సరే, తిట్లతోనే బేరాలొస్తాయంటే మనకి మాత్రం చేతకాదా అని అద్దం ముందు సాధన చేశాను. మర్నాడు లెక్కల మాస్టారు గుడ్డ తీసుకుని వచ్చారు. నేను చేతులు కట్టుకుని, "మీరు ఒట్టి వెధవలండి" అన్నాను. మాస్టారు గుడ్డ చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. మా తోడల్లుడు బల్ల కింద దూరి, కడుపు పట్టుకుని నవ్వాడు.

"వద్దన్నయ్యా, మీరు తిడితే కోర్టు నోటీసు చదివినట్టుంది."

అప్పుడొచ్చాడు పోస్టుమాన్. ఉద్యోగంలోంచి దిగిపోతున్నాడు, వీడ్కోలు సభకి కోటు కావాలి. ఊరంతా వచ్చే సభ అది. పైగా అతను తిన్నగా నా దగ్గరికే వచ్చి, "జడ్జిగారికి కుట్టింది మీరేగా?" అన్నాడు. నా జన్మ ధన్యమైంది. ఓరగా చూస్తే, మా తోడల్లుడు పెన్సిలు పట్టుకుని రాయడానికి సిద్ధంగా ఉన్నాడు. రాయనీ, ఒక్కసారైనా నా బేరం అతను రాయనీ అనుకున్నాను.

"ఛాతీ ముప్ఫై ఎనిమిది" అని గట్టిగా చదివాను. "ఎడమ భుజం, కుడిదానికంటే అంగుళమున్నర కిందికి దిగిందండి. ఇన్నేళ్ళూ సంచీ మోసిన భుజం కదండి, ఒరిగిపోయింది. ఏం పర్వాలేదండి, ఒళ్ళన్నాక వంకరలు వస్తాయండి."

ఇంతకంటే మర్యాదగా ఏ దర్జీ చెబుతాడు? కాని కూర్చున్నవాళ్ళందరూ ఆ భుజం వైపే చూశారు. పోస్టుమాన్ కుడిచేత్తో దాన్ని కప్పుకున్నాడు.

"కోటెందుకు లెండి. యూనిఫారంలోనే వెళ్తాను" అని మెట్లు దిగాడు. అతనితోపాటు నా కోటూ దిగిపోయింది.

మా తోడల్లుడు పెన్సిలు విసిరేసి గడప మీదికి ఉరికాడు.

"ఒరేయ్ పోస్టూ! ఆగరా దరిద్రుడా! నా ఉత్తరాలన్నీ పక్కింట్లో పడేసిన సన్నాసివి, ఎక్కడికిరా పారిపోతావ్?"

పోస్టుమాన్ గిరుక్కున తిరిగాడు. "నీకు ఉత్తరాలు రాసేదెవడ్రా? నీ నోటికి జడిసి కార్డు ముక్క కూడా రాదు!"

"రా లోపలికి, చెబుతా నీ పని!"

లాక్కొచ్చి నిలబెట్టి, నా చేతిలో టేపు తీసుకున్నాడు. భుజాల మీద వేళ్ళు ఒక్కసారి అలా పోనిచ్చాడు. "ఇదొక టేపా? ముదనష్టపు టేపు! సాగి సాగి ఒకపక్క చచ్చింది. ఈ సన్నాసి టేపుని నమ్మి పాపం అన్నయ్య మోసపోయాడు. రాయండన్నయ్యా, భుజాలు రెండూ సమానం. కవాతు సిపాయిలా ఉన్నాడు, వీడి మొహం మండ!"

గదంతా నవ్వు. ఆ నవ్వులో భుజం సంగతి కొట్టుకుపోయింది. నేను రాశాను. ఆ పూట నా కడుపులో మంట మీద పెట్టి ఉంటే ఇస్త్రీ పెట్టెకి బొగ్గులు అక్కర్లేకపోయేది.

కోటు అతని మిషను మీదే తయారై హ్యాంగరెక్కింది. చూద్దును కదా, ఎడమ భుజం ఇంత ఎత్తున లేచి ఉంది! నాకు పండగే. అత్తయ్యని చెయ్యి పట్టుకుని దుకాణానికి నడిపించుకొచ్చాను.

"చూడండి మీ చిన్నల్లుడి పనితనం! సభలో ఊరంతా నవ్వుతుంది."

అత్తయ్య కళ్ళజోడు సర్దుకుంటూండగానే పోస్టుమాన్ వచ్చాడు. కోటు తొడుక్కుని నిలువుటద్దం ముందు నిలబడ్డాడు. రెండు భుజాలూ చెక్కతో చెక్కినట్టు సమానంగా ఉన్నాయి. అతను అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, మళ్ళీ అటు తిరిగాడు.

"అద్దం అరిగిపోతుందిరా, కదిలి చావు!" అని అరిచాడు మా తోడల్లుడు.

అత్తయ్య నావైపు చూసి మెల్లగా అంది. "హ్యాంగరు సంచీ మోయలేదు కదా నాయనా."

నేను దండెం వైపు చూశాను. ఇన్నాళ్ళూ కొలబద్దతో చూపించి నవ్వించిన వంకరలన్నీ వరసగా వేలాడుతున్నాయి. ఏది ఎవరి వీపో, ఏది ఎవరి భుజమో అప్పుడు తెలిసింది. మా తోడల్లుడు టేపుని తిట్టాడు, గుడ్డని తిట్టాడు, అద్దాన్ని తిట్టాడు, మనుషుల్ని తిట్టాడు. ఎవరి ఒంటినీ ఏనాడూ తిట్టలేదు. కుళ్ళుకోడానికి నాకు ఇంకోటి దొరికింది.

ఆమధ్య దర్జీల సంఘంవారు నాకు సన్మానం చేస్తామన్నారు. ఆలస్యమైనా న్యాయమే. కోటు కావాలి. అయితే ఎంతటి దర్జీ అయినా తన వీపు తాను కొలుచుకోలేడు. వెళ్ళి అతని ముందు నిలబడ్డాను. మేనేజరుగారు గుండీ కోసం వచ్చి కూర్చున్నారు.

"ఊరికే కూర్చుని చావకపోతే ఆ పెన్సిలు అందుకోవచ్చుగా!" అన్నాడు మా తోడల్లుడు. మేనేజరుగారు ఆనందంగా అందుకున్నారు.

టేపు నా వీపు మీదుగా పాకింది. ఒకచోట ఆగింది. 

"ఈ దరిద్రపు టేపు!" అన్నాడు.

"ఎటుపక్క?" అన్నాను గొంతు తగ్గించి.

"ఏది ఎటుపక్క? టేపే చచ్చిందన్నయ్యా. మీకేం, స్తంభంలా ఉన్నారు. రాయండి సార్, రెండూ సమానం!"

సభలో అందరూ, "ఈ వయసులో ఎంత నిటారుగా ఉన్నారండీ!" అన్నారు. అంతా క్రమశిక్షణ అని చెప్పాను. మైకు ముందు ఊరి బడి దగ్గర మొదలెట్టి గోడగడియారం దాకా వచ్చేసరికి భోజనాలకు లేచారు.

ఇంటికొచ్చి కోటు మడతపెట్టి ట్రంకుపెట్టెలో పెట్టబోయాను.

"మడతలు పడతాయండీ" అంటూ మా ఆవిడ లాక్కుని హ్యాంగరుకి తగిలించింది. తగిలించి తల పక్కకి వంచి చూసింది. "ఇదేమిటండీ, ఈ భుజం..."

నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ఆ దిక్కుమాలిన హ్యాంగరే వంకరది! దాని మొహం మండ, సన్నాసి హ్యాంగరు!"

 లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు వినబడింది, ఎంతో సంతోషంగా.

"ఎవరే వచ్చింది? చిన్నల్లుడా?"