బుజ్జికి దిగులట!

ఒంటరిగా ఉంటున్నాను కదా, తోడుగా ఉంటుందని ఓ నాటుకోడిని పెంచుకుంటున్నాను. పేరు బుజ్జి. రెండు రోజులుగా అది గింజ ముట్టడం లేదు. కోళ్ల సంగతి తెలిసినవాడు కదా అని ఇవాళ పొద్దున సూరారంలో చికెన్ షాపాయన దగ్గరికి ఎత్తుకెళ్లాను. నేను నోరు విప్పేలోపే అందుకుని కాటా మీద పెట్టేశాడు.

“స్కిన్‌తోనా, స్కిన్‌లెస్సా అమ్మా?”

“అయ్యో, కొయ్యడానికి కాదు బాబూ! ఏమీ తినట్లేదు, చూపిద్దామని తెచ్చాను.”

“దీనికేం రోగం లేదమ్మా. ఒక్కతే ఉండి దిగులు వడ్డది. జోడుంటే మస్తు తింటది,” అంటూ బోనులోంచి ఇంకో కోడిని తీసి నా చేతిలో పెట్టాడు.

మహానుభావుడు, నిజమే చెప్పాడు. సాయంత్రం నుంచి డాబా మీద రెండూ ఒకటే కబుర్లు. నేను పిలిస్తే బుజ్జి తల కూడా తిప్పడం లేదు.

దాని దిగులు తీరింది. మరి నాకు జోడుని ఏ షాపులో తూచి ఇస్తారో, మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.