యాభై ఏడో ఏట తొలి ఉద్యోగం

టైలరమ్మ కోపం గురించి ముందే చెప్పేయడం మంచిది. ఆవిడకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ నాలుగంతస్తుల బిల్డింగులో ఆవిడ చేత బట్టలు కుట్టించుకోని ఇల్లు లేదు, చీవాట్లు తినని ఇల్లూ లేదు. "ఇవాళ ఇచ్చి రేపటికే కావాలంటే ఎలా కుదురుతుందమ్మా, నాకేమైనా పది చేతులున్నాయా?" అని కసురుకునేది. కసురుకున్నా, చెప్పిన రోజుకి కుట్టి ఇచ్చేది. భర్త పోయాక కొడుకుని చదివించి ఒక ఇంటివాణ్ణి చేసింది ఆ కుట్టుమిషన్ మీదే. ఒకరి కింద పనిచేసి ఎరగదు. అది ఆవిడ గర్వం. ఆ మాట ఎదుటివాళ్ళు అడక్కపోయినా చెప్పేది.

చేతులింకా చురుగ్గానే ఉన్నాయి గానీ కుడి మోకాలే మొండికేసింది. మూడో అంతస్తు నుంచి కిందికి దిగడమంటే ఆవిడకు పెద్ద ప్రయాణమైపోయింది. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఉన్న బిల్డింగుకి మాత్రం లిఫ్టు లేదు. అరిగిన కీలు మార్చాల్సిందేనని, ఆలస్యం చేస్తే మెట్ల మాట మరిచిపోవాల్సిందేనని డాక్టరు తేల్చి చెప్పి, ఆపరేషన్‌కి తేదీ కూడా ఇచ్చాడు. కొడుకు కంపెనీ ఇన్సూరెన్స్‌లో తల్లి పేరుంది కాబట్టి ఎవరికీ బెంగ లేదు.

సరిగ్గా అప్పుడే కొడుక్కి వేరే కంపెనీలో ఉద్యోగమొచ్చింది. పెద్ద కంపెనీ, పెద్ద జీతం, సూపర్‌వైజరు హోదా. గాల్లో తేలుతూ ఇంటికొచ్చాడు. కోడలు కళ్ళజోళ్ళ కంపెనీలో అద్దాలు అరగదీసే విభాగంలో పనిచేస్తుంది. ఏ వస్తువునైనా వెలుగుకెత్తి చూస్తే తప్ప నమ్మే మనిషి కాదు.

"అంతా బాగానే ఉంది. అక్కడి ఇన్సూరెన్స్‌లో అత్తయ్య పేరు ఉంటుందా?" అంది.

కొడుకు ఆ సంగతి అడగలేదు మరి. అంత పెద్ద కంపెనీలో ఉండకపోతుందా అనుకున్నాడు. మర్నాడు కనుక్కుని వాడిపోయిన మొహంతో వచ్చాడు. కొత్త చోట భార్యకి, పిల్లలకి మాత్రమే ఇస్తారట. తల్లిదండ్రులకు లేదట. పాత కంపెనీది నెలాఖరుతో ఆగిపోతుందట. ఆపరేషనేమో ఆ పై నెలలో.

ఇక మిగిలింది కోడలి కంపెనీ ఇన్సూరెన్స్. అందులో పెద్దవాళ్ళను చేర్చుకోవచ్చు. కాకపోతే ఒక మెలిక ఉంది. సొంత తల్లిదండ్రులనైనా పెట్టుకోవాలి, అత్తమామలనైనా పెట్టుకోవాలి, రెండు వైపులా కుదరదు. కోడలు తన తండ్రి పేరు పెట్టుకుంది. ఆయనకు కిందటేడే గుండెకు స్టెంటు వేశారు, ఇంకోటి పడుతుందేమోనని డాక్టర్లు పరీక్షలు చేస్తూనే ఉన్నారు. భర్త ఉద్యోగం మారింది కాబట్టి పేర్లు మార్చుకోవడానికి కోడలికి నెలరోజులు గడువిచ్చారు. అత్తగారి మోకాలా, తండ్రి గుండెకాయా? ఇలాంటి లెక్క పెట్టిన మహానుభావుడెవరో గానీ, వాడికి అత్తగారూ లేదు, కన్నతండ్రీ లేడు.

ఆ సాయంత్రం వియ్యంకుడు తనే వచ్చాడు. ఒకప్పుడు బస్సు డ్రైవరు, మాటలో ఆ జోరు ఇంకా తగ్గలేదు.

"ఇందులో ఆలోచించేదేముందమ్మా? నా పేరు తీసేసి చెల్లెమ్మ పేరు పెట్టు. నాకేమైంది, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాడు కూతురితో, ఇంకా ఆయాసపడుతూనే.

"ఊరుకోండి అన్నయ్యగారూ! మూడంతస్తులెక్కడానికి ఎన్నిచోట్ల ఆగారో పైనుంచి చూస్తూనే ఉన్నాను. గుండ్రాయట! మోకాలు లేకపోతే మంచం మీద కూర్చునైనా గుండీలు కుట్టుకుంటాను. గుండె ఆగితే మీరేం కుడతారు?" అంది టైలరమ్మ.

నా పేరు వద్దంటే నా పేరు వద్దని ఇద్దరూ పోట్లాడుకున్నారు. ఆస్తి పంపకాల్లో కూడా ఇంత గొడవ జరగదు. కొడుకు తప్పు చేసినవాడిలా ఓ మూల నిలబడ్డాడు. కోడలు టీ కప్పులు తీస్తూ తీస్తూ కూలబడి ఏడ్చేసింది.

"మీరిద్దరూ బాగానే చెబుతారు. ఎవరి పేరు కొట్టేసినా నా చేత్తోనే కదా కొట్టెయ్యాలి!"

ఆ మాటతో టైలరమ్మ పోట్లాట ఆపి కోడలి దగ్గరికెళ్ళింది. ఆ పిల్ల ఈ ఇంటికొచ్చిన నాటినుంచి ఎదురుమాట అనలేదు, ఎదురు అనకుండానే తను అనుకున్నది జరిపించుకునేది. అందుకే టైలరమ్మకు ఆ పిల్లంటే ప్రాణం. కన్నతండ్రి పేరు కొట్టేసి, ఆ తర్వాత ఆయనకేదైనా అయితే ఈ పిల్ల బతికినన్నాళ్ళూ తనను చూసినప్పుడల్లా ఏమనుకుంటుంది?

"ఈ తంటా అంతా ఇంట్లోవాళ్ళను చేర్చాలంటేనే అత్తయ్యా," అంది కోడలు కళ్ళు తుడుచుకుంటూ. "ఉద్యోగం చేసేవాళ్ళకైతే ఇవేవీ ఉండవు. వాళ్ళకి కంపెనీయే ఇస్తుంది."

"వయసుతో పని లేదా?"

"మా దగ్గర రిటైరయ్యేదాకా ఉంటుంది."

టైలరమ్మ ఆ మాటే రాత్రంతా తిప్పి తిప్పి ఆలోచించింది.

రెండో అంతస్తులో ఉండే ఆవిడ పెద్ద హోటల్లో పనిచేస్తుంది. దుప్పట్లు, కర్టెన్లు, స్టాఫు యూనిఫారాలు బాగుచేసే గదిలో మంచి కుట్టుపనివాళ్ళు దొరకడం లేదు, మా దగ్గరికి వచ్చెయ్యరాదా అని ఎన్నోసార్లు అడిగింది. అడిగినప్పుడల్లా ఒకరి కింద పనిచేసే రాత తనది కాదని టైలరమ్మ పంపించేసేది. ఆ మర్నాడు పొద్దున్నే టైలరమ్మే ఆవిడ తలుపు తట్టింది.

హోటల్ మేనేజరుకు కొడుకు ఈడే ఉంటుంది. టైలరమ్మ నడిచి రావడం చూసి, "కుంటుతున్నారేంటండీ?" అంది.

"మోకాలు అరిగిపోయిందమ్మా. కీలు మార్చాలి. మీ ఇన్సూరెన్స్ కోసమే వచ్చాను."

మేనేజరు నోరు వెళ్ళబెట్టింది. "ఉద్యోగానికొచ్చి ఈ మాట ఎవరూ చెప్పరండీ."

"చెప్పకుండా చేరితే ఆపరేషన్ రోజున మీకు తెలియకుండా ఉంటుందా? కాలు బాగయ్యాక మీరు పొమ్మనేదాకా చేస్తాను. చేసే పని చూసి చెప్పండి."

మేనేజరు నవ్వుతూ, చిరిగిన కర్టెనొకటి తెప్పించి ముందు పడేసింది. కుట్టాక చిరుగు ఎక్కడుందో ఇద్దరూ కలిసి వెతికారు. మూడు నెలలు పని చూశాకే ఇన్సూరెన్స్ కార్డు ఇస్తామని, అప్పటిదాకా ఆపరేషన్ ఆపుకోవాలని చెప్పింది మేనేజరు. టైలరమ్మ సరేనంది.

ఇంట్లో కొడుకు ఎగిరిపడ్డాడు. "నలుగురూ ఏమనుకుంటారమ్మా? ఈ వయసులో తల్లిని పనికి పంపాడనరూ?"

"పంపడానికి నువ్వెవడివిరా? నేనే వెళ్తున్నాను."

కోడలు దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "నా వల్లేనా అత్తయ్యా?"

"నీ వల్లే. మీ నాన్న పేరు అక్కడే ఉండనియ్. ముట్టుకున్నావంటే ఊరుకోను."

ఆ మూడు నెలలూ ఆవిడ పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. కిటికీ లేని కింది గది, ఇస్త్రీ ఆవిరి, ఆరని దుప్పట్ల గుట్టలు. మెట్లు దిగేటప్పుడు పంటి బిగువున దిగేది. ఎక్కేటప్పుడు కోడలు చెయ్యి పట్టుకుని ఎక్కేది. అంతకన్నా కష్టం కోపాన్ని దిగమింగుకోవడం. ఓసారి అక్కడి సూపర్‌వైజరు వచ్చి, "కొంచెం చెయ్యి త్వరగా ఆడించాలమ్మా" అన్నాడు. ఆ క్షణాన టైలరమ్మ నోట్లో గుండుసూదులు ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఉద్యోగం అక్కడికక్కడే ఊడేది. సూదులు తీసేసరికి ఆయన వెళ్ళిపోయాడు, కోపమూ సగం తగ్గింది. ఆ తర్వాత ఆయన వస్తున్న అలికిడైతే చాలు, అవసరం ఉన్నా లేకపోయినా రెండు సూదులు పెదాల మధ్య పెట్టుకునేది.

మూడు నెలలు నిండాక ఆఫీసు గుమాస్తా పిలిచి వివరాలు రాసుకున్నాడు. "మీ మీద ఆధారపడినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? పిల్లలు?"

"ఒకడున్నాడు. ముప్పై దాటాడు, సూపర్‌వైజరు. పట్టుకొస్తే రాసుకుంటారా?"

గుమాస్తా పడీ పడీ నవ్వాడు. కార్డు చేతికొచ్చింది. ఆ రోజు బస్సులో వస్తూ ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి దాన్ని తడుముకుంటూనే ఉంది. ఇంతకాలం ఏ కాగితం మీద చూసినా ఫలానా ఆయన భార్య, ఫలానా వాడి తల్లి. ఈ కార్డు మీద ఆవిడ పేరు ఒక్కటే ఉంది. ఆవిడకు భలే సంతోషమేసింది, ఎవరికీ చెప్పలేదంతే.

ఆపరేషన్ రోజున నలుగురూ కలిసే వెళ్ళారు. కౌంటరులో కూర్చున్నమ్మాయి టైలరమ్మను దాటుకుని వెనకున్న కొడుకు వైపు చూసింది. "ఇన్సూరెన్స్ మీదేనా సార్?"

ఒకప్పుడు నలుగురూ ఏమనుకుంటారన్న కొడుకు, హాల్లో ఉన్న నలుగురికీ వినిపించేలా చెప్పాడు. "నాది కాదండీ. మా అమ్మది. మా అమ్మ ఉద్యోగం చేస్తుంది."

వియ్యంకుడు మీసం దువ్వుకున్నాడు, ఆ గొప్పంతా తనదే అయినట్టు. కోడలు అత్తగారి భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది.

కొత్త కీలు చక్కగా కుదురుకుంది. నడక నేర్పించే అమ్మాయితో పోట్లాడుతూనే టైలరమ్మ నడక నేర్చుకుంది. సెలవు అయిపోయిన రోజున కొడుకు పొద్దున్నే తయారయ్యాడు. "ఉండమ్మా, చెయ్యి పట్టుకుని దింపుతాను. బండి మీద హోటల్ దాకా తీసుకెళ్తాను" అంటూ తాళాలు వెతుక్కుంటున్నాడు. తాళాలు దొరికి వెనక్కి తిరిగి చూస్తే వాకిట్లో అమ్మ లేదు. కంగారుగా మెట్ల దగ్గరికి పరిగెత్తి కిందికి తొంగి చూశాడు.

టైలరమ్మ అప్పటికే వీధి గుమ్మం దగ్గర, సంచి భుజానికి తగిలించుకుని నిలబడి ఉంది. తల పైకెత్తి ఒక్క కేక వేసింది.

"ఏరా, ఇంకా అక్కడే ఉన్నావా? త్వరగా దిగి రా, నాకు డ్యూటీకి టైమవుతోంది!"